రేవు మెట్లు, ర్యాంపు: మ్యాపులో గీయడం ఎలా?

ప్రశ్న: మా ఊరి గోదావరి రేవులో వెడల్పాటి మెట్లు మూడు వరుసలుగా దిగుతాయి. మధ్యలో చప్టాలు, ఒక పక్కన మలుపు తిరిగిన ర్యాంపు ఉన్నాయి. ఎవరైనా గీసి సరిదిద్దగల ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దీన్నంతా ఒకే గీతగా గీయవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఒకే గీతగా గీయవద్దు. చక్రాల కుర్చీలో వెళ్ళేవారికి దారి చూపే సాఫ్ట్‌వేర్ ‘స్టెప్స్’ (మెట్లు) అని గుర్తించిన గీతలను వదిలి వేరే దారి వెతుకుతుంది. అందువల్ల ర్యాంపును ‘ఫుట్‌వే’ (నడకదారి)గా విడిగా గీసి, పైన రోడ్డునూ కింద చప్టానూ అది కలిసే చోట రెండు గీతలకూ ఒకే బిందువు ఉండేలా చూడాలి. తెర మీద గీతలు తాకినట్టు కనిపించినా, బిందువు ఉమ్మడిది కాకపోతే అక్కడ దారి తెగిపోయినట్టే లెక్క.

మెట్ల వరుసలను కూడా వేర్వేరుగా గీసి, వాటి మధ్య చప్టాను మామూలు నడకదారిగా చూపండి. ప్రతి వరుసకూ మెట్ల సంఖ్యను ‘స్టెప్ కౌంట్’లోను, గీత గీసిన దిశలో ఎక్కుతామో దిగుతామో ‘ఇన్‌క్లైన్’లోను నమోదు చేయండి. ఉపగ్రహ చిత్రంలో మెట్లు సరిగా తేలవు కాబట్టి, కింది మెట్లు కూడా బయటపడే వేసవిలో స్వయంగా దిగి లెక్కపెట్టడం మంచిది. వెడల్పు చూపడానికి మెట్ల హద్దులను కూడా గీయవచ్చు గాని, దారి చూపడానికి మధ్య గీత ఉండి తీరాలి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ర్యాంపు విషయంలోనే. మెట్ల గీత మీద ‘ర్యాంప్’ ఉందని మాత్రమే రాస్తే, అది చక్రాల కుర్చీ వెళ్ళేదా, సైకిల్ తోసుకెళ్ళే సన్నటి గాడా అన్నది తెలియదు. మీ రేవులో ర్యాంపు విడిగా ఉంది కనుక మెట్ల గీత మీద ‘ర్యాంప్’ దగ్గర ‘సెపరేట్’ అని రాయండి. ఇక వాలును టేపుతో కొలవండి. సాధారణంగా అనుసరించే 1:12 కొలత ప్రకారం 60 సెంటీమీటర్లు ఎక్కడానికి 7.2 మీటర్ల పొడవు కావాలి. అంత ఎత్తునూ 3 మీటర్లలోనే ఎక్కిస్తే వాలు 20 శాతమవుతుంది. అలాంటి ర్యాంపుకు ‘వీల్‌చెయిర్ యెస్’ (చక్రాల కుర్చీ వెళ్తుంది) అని పెట్టడం ఏమీ రాయకపోవడం కంటే హానికరం, ఎందుకంటే ఆ మాట నమ్మి వచ్చినవారు కిందనే ఆగిపోతారు. బైకులు రాకుండా ర్యాంపు మొదట్లో స్తంభాలు పాతి ఉంటే వాటినీ గుర్తించి, మధ్య సందు వెడల్పు రాయండి. మామూలు చక్రాల కుర్చీయే సుమారు 65–70 సెంటీమీటర్లు ఉంటుంది, చక్రాలు తిప్పే చేతులకు మరికొంత చోటు కావాలి.