బ్రహ్మపుత్రపై చైనా ఆనకట్ట: మన హైకోర్టులో పిల్ వేయొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. అమ్మాయి, అల్లుడు ఉద్యోగాల కోసం అస్సాంలో, బ్రహ్మపుత్ర ఒడ్డునున్న డిబ్రూగఢ్‌లో ఉంటున్నారు. టిబెట్‌లో బ్రహ్మపుత్ర మీద చైనా పెద్ద ఆనకట్ట కడుతోందని విన్నప్పటి నుంచి గుబులుగా ఉంది. కృష్ణా నీళ్లకు ఉన్నట్టు దీనికీ ట్రిబ్యునల్ ఉంటుందా? నేను తెలంగాణ హైకోర్టులో పిల్ వేయొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, వేయొద్దని ఎవరూ అనరు గానీ, అది నిలిచే కేసు కాదు. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టు ఇచ్చే ఆదేశం మన ప్రభుత్వాలకే తగులుతుంది, బీజింగ్‌కు కాదు. పోనీ చైనాను గట్టిగా అడగమని కేంద్రాన్ని ఆదేశించమంటారా? విదేశాంగ వ్యవహారాల్లో కోర్టులు సాధారణంగా తలదూర్చవు.

కృష్ణాతో పోల్చారు చూడండి, తేడా అంతా అక్కడే ఉంది. మనం, ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర ఎంత కొట్లాడుకున్నా అందరి నెత్తినా ఒకే రాజ్యాంగం ఉంది. 262వ అధికరణ, 1956 నాటి అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం ఉండబట్టే బచావత్, బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునళ్లు వచ్చాయి. (రెండోది 2004లో వేశారు. ఇరవై ఏళ్లు దాటినా వాదనలు తెమల్లేదు, అది వేరే బాధ.) దేశాల మధ్య అలాంటి పెద్దమనిషి లేడు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం గడప తొక్కాలన్నా ఇరుపక్షాలూ సరేననాలి. డాన్యూబ్ ఆనకట్టల గొడవలో హంగరీ, స్లొవేకియా అలా కలిసి వెళ్లబట్టే 1997లో తీర్పు వచ్చింది. చైనా ఆ కోర్టు పరిధికి ముందే తలొగ్గిన దేశం కాదు.

అదే 1997లో నదీజలాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఓటింగ్‌కు వస్తే చైనా వ్యతిరేకించింది, మనం తటస్థంగా కూర్చున్నాం. ఇప్పటికీ రెండు దేశాలూ అందులో లేవు. అయినా కింది దేశానికి తీవ్ర హాని చేయకూడదని, ఒప్పందంలో లేని దేశాలకూ వర్తించే ఆచార సూత్రం ఉంది. అర్జెంటీనా, ఉరుగ్వే నదీ వివాదంలో 2010లో హేగ్ కోర్టు, పర్యావరణ ప్రభావ అంచనా వేయక తప్పదనీ తీర్పిచ్చింది. సూత్రం ఉంది, అడిగే చోటే లేదు. పైగా పాకిస్థాన్‌కు ఎగువన ఉన్న మనమే సింధు ఒప్పందాన్ని 2025 ఏప్రిల్‌లో పక్కన పెట్టాం. కారణం ఏదైనా, ఎగువ దేశం బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట మనకే ఎదురు తిరుగుతుంది.

మీ పిల్లలకు నేరుగా పనికొచ్చేది వరద సమాచారం. దాన్ని మనకు ఇచ్చేందుకు 2002లో చైనాతో చేసుకున్న అవగాహన ఒప్పందానికి, పొడిగింపులన్నీ అయ్యాక, 2023లో గడువు తీరింది. ఇప్పుడు సమాచారం ఎలా అందుతోందని జలశక్తి శాఖను ఆర్టీఐ కింద అడగండి, ఫీజు 10 రూపాయలు. సెక్షన్ 8(1)(ఎ) అంటూ, విదేశీ సంబంధాల సాకుతో తిరస్కరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.