తాత ఇంటి రికార్డు పెట్టెను మళ్లీ పాడించడం ఎలా?

మీరు అడిగింది ఇది: మహబూబ్‌నగర్‌లో తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద రికార్డు పెట్టె దొరికింది. నడుమ ఉన్న పొడుగాటి కడ్డీకి ఆరేడు రికార్డులు తగిలిస్తే ఒకటి అయ్యాక ఒకటి దానంతట అదే పడి పాడేదట, ఇంట్లో అందరూ దాన్ని జూక్‌బాక్స్ అనేవారట. ఇప్పుడు ప్లగ్ పెడితే గుర్రుమంటోంది, ప్లేటు తిరగడం లేదు. బాగు చేయించాలా, ఆన్‌లైన్‌లో సూట్‌కేస్ ప్లేయర్ కొనుక్కోవాలా?

బాగు చేయండి. ముందైతే ఆ ప్లగ్ పీకేయండి. కరెంటు వెళ్తూ మోటారు తిరగకపోతే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. ఇప్పటికి అది గుర్రుమంటోందంటే కాయిల్ బతికే ఉందన్నమాట. చాలామంది "ఏమన్నా కదులుతుందేమో" అని పది నిమిషాలు అలాగే వదిలేసి, బాగున్న మోటారును చంపుకుంటారు.

మాది నల్లగొండ. మా మేనమామ నాగార్జునసాగర్ హిల్ కాలనీలో ఉండేవాడు. డ్యామ్ పని ముగిసి వెళ్లిపోతున్న ఒక ఇంజినీరు దగ్గర అచ్చం మీలాంటి పెట్టే కొన్నాడు. పైన మూత, లోపల బీఎస్ఆర్ అనే బ్రిటిష్ కంపెనీ ఛేంజర్, కింద వాల్వ్ (గాజు గొట్టాల) రేడియో, ముందు స్పీకరు. మామ పోయాక అత్తమ్మ, "నువ్వైతే పారెయ్యవు, తీస్కపో" అని నాకిచ్చింది. అది మళ్లీ పాడేసరికి నాకు రెండు వానకాలాలు పట్టింది. అందులో సగం కాలం నా తప్పులు దిద్దుకోవడానికే సరిపోయింది.

ఒక్క మాట. అసలు జూక్‌బాక్స్ హోటళ్లలో ఉండేది: నాణెం వేసి బటన్ నొక్కితే కోరిన పాట వెతికి తెచ్చి పాడుతుంది. మీదాన్ని రికార్డ్ ఛేంజర్ అంటారు. దానికి వెతకడం రాదు, మీరు పేర్చిన వరుసలో కింద పడేయడమే తెలుసు. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు, సామాను వెతికేటప్పుడు ఈ పేరే వాడండి.

మొదట దీన్ని ఇక్కడే ఒక షాపుకి తీసుకెళ్లాను. మూత ఎత్తి చూసి, "సార్, గిది స్క్రాప్ సార్. లోపలిది మొత్తం పీకేసి బ్లూటూత్ బోర్డ్ ఏస్త, మస్తు సౌండొస్తది" అన్నాడు. నేను తటపటాయిస్తుండగానే ఆర్మ్ (ముల్లును మోసే చెయ్యి) కొసన ఉన్న కార్ట్రిడ్జ్, అంటే ముల్లు అదురును కరెంటుగా మార్చే ముక్క, ఊడదీశాడు. అది మళ్లీ నా చేతికి రాలేదు. మీరు ఎవరికిచ్చినా ముందే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి, ఊడిన ప్రతి ముక్కా తిరిగి అడిగి తీసుకోండి.

ఇలాంటి పెట్టెల్లో పది రోగాల్లో ఏడు గ్రీజువీ, రబ్బరువీ అని నా అనుభవం. ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు ఇన్నేళ్లకు తుమ్మబంకలా గట్టిపడుతుంది. మోటారు ఇరుసు, మీటలు, పళ్లచక్రం ఎక్కడివక్కడ అతుక్కుపోతాయి. అందుకని కొత్త పార్టుల కోసం పరుగెత్తకుండా ముందు శుభ్రం చేయండి.

ప్లేటు తీయాలంటే నడి కడ్డీ మొదట్లో గుర్రపునాడా ఆకారంలో చిన్న స్టీలు క్లిప్ ఉంటుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో నెట్టేటప్పుడు పైన ఒక గుడ్డ కప్పండి. నేను కప్పలేదు. టింగుమని ఎగిరిపోయింది. మంచం కింద, బీరువా కింద, చెప్పుల స్టాండులో అన్నిచోట్లా వెతికాను. మూడో రోజు మా అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, "గీ ఇనుప ముక్క యాడిదిరా, పన్ను ఇరుగుతుండె" అని కేకేసింది.

ప్లేటు ఎత్తితే కింద మోటారు ఇరుసు కనిపిస్తుంది, మెట్లుమెట్లుగా, ఒక్కో మెట్టు ఒక్కో స్పీడుకి. దాని పక్కన రబ్బరు అంచున్న చక్రం. దీన్నే ఐడ్లర్ అంటారు. ఇరుసు ఈ చక్రాన్ని తిప్పుతుంది, చక్రం ప్లేటు లోపలి అంచును రాసుకుంటూ ప్లేటును తిప్పుతుంది. బెల్టూ లేదు, గొలుసూ లేదు, అంతా రాపిడి మీదే. నేనేం చేశానంటే, బిగుసుకుంది కదా అని కుట్టు మిషన్ నూనె అన్నింటి మీదా ధారగా పోశాను. మోటారు జుయ్యిమని తిరిగింది, చక్రం జారింది, ప్లేటు మాత్రం కదల్లేదు! నూనె తాగిన రబ్బరు ఉబ్బి జిడ్డుగా తయారైంది. చివరికి దాన్ని హైదరాబాద్‌లో ప్రింటింగ్ ప్రెస్ రోలర్లకు రబ్బరు ఎక్కించే ఒకాయనకిచ్చి కొత్త రబ్బరు వేయించాను. 700 రూపాయలు, రెండు బస్సు ప్రయాణాలు.

నూనె పడాల్సింది మోటారు ఇరుసు పైనా కిందా ఉన్న రెండు బేరింగుల్లో, ఒక్కో చుక్క. ఐడ్లర్ నడి చిల్లులో పాత జిడ్డు తుడిచి అర చుక్క. రబ్బరుకూ, అది తగిలే ప్లేటు అంచుకూ చుక్క కూడా తగలకూడదు. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. తుడిచాక ఇరుసును వేళ్లతో ఒకసారి తిప్పి వదలండి, నాలుగైదు చుట్లు తనే తిరిగి ఆగాలి. రబ్బరు పైపైన నున్నగా మెరుస్తుంటే సన్న ఎమరీ పేపర్‌తో ఒక్కసారి రుద్దితే పట్టు వస్తుంది. రాయిలా గట్టిపడినా, ఒకచోట సొట్ట పడినా కొత్త రబ్బరే దిక్కు. సొట్ట ఉంటే పాట వెనకాల దడ్ దడ్ అని వినిపిస్తూ ఉంటుంది.

ఇక ఛేంజర్ మెకానిజం. నాకు ఈ పెట్టెలో అన్నింటికంటే నచ్చేది ఇదే. చిప్పు లేదు, సెన్సర్ లేదు. పాట నడుస్తున్నంతసేపూ ఆర్మ్ చాలా నెమ్మదిగా లోపలికి జరుగుతుంది. పాట అయిపోయాక గాడి చుట్ల మధ్య ఎడం ఒక్కసారిగా పెరిగి ఆర్మ్‌ను లేబుల్ వైపు లాగేస్తుంది. ఆ దూకుడుకి ప్లేటు కింద ఈకంత బరువున్న ఒక మీట ముందుకు జరిగి, ప్లేటు మధ్యలోని పంటికి తగులుకుంటుంది. దాంతో పెద్ద పళ్లచక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టులోనే ఆర్మ్ లేచి పక్కకు పోవడం, కడ్డీ మీద పేర్చిన వాటిలో అన్నిటికంటే కిందున్న రికార్డు టపుక్కున పడటం, అది 7 అంగుళాలదా 10దా 12దా అని తడిమి చూసుకోవడం, ఆర్మ్ వచ్చి సరిగ్గా అంచు మీద వాలడం అన్నీ జరిగిపోతాయి. పాట అయిపోయాక కూడా రికార్డు ఊరికే తిరుగుతూ ఉందంటే ఆ చిన్న మీట దగ్గర గ్రీజు గట్టిపడిందని అర్థం. దాన్ని ఆల్కహాల్‌తో కడిగి పొడిగా వదిలేయండి. అక్కడ నూనె వేస్తే ఆర్నెల్లకు మళ్లీ అదే కథ. పెద్ద పళ్లచక్రానికి మాత్రం కొద్దిగా కొత్త గ్రీజు పూయవచ్చు. తర్వాత కరెంటు లేకుండానే ప్లేటును చేత్తో సవ్యదిశలో తిప్పుతూ ఒక పూర్తి చుట్టు నడిపించి చూడండి. ఎక్కడ పట్టేస్తుందో మీ వేళ్లకే తెలుస్తుంది.

కార్ట్రిడ్జ్ సంగతి. పాత వాటిలో క్రిస్టల్ రకం ఉంటుంది. అది రోషెల్ సాల్ట్ అనే లవణపు స్ఫటికం, తేమకూ ఎండకూ పాడవుతుంది. మన అటక మీద ఎండాకాలం వేడి సంగతి వేరే చెప్పాలా? సిరామిక్ రకమైతే బతికి ఉండే అవకాశం ఎక్కువ. ఆంప్లిఫయర్ పనిచేస్తుంటే ముల్లును వేలితో మెల్లగా తాకండి, స్పీకర్‌లో గరగరమంటే ప్రాణం ఉన్నట్టే. లేకపోతే కొత్త సిరామిక్ కార్ట్రిడ్జ్ వేయించుకోండి, నాకు 900 అయింది. చాలా కార్ట్రిడ్జ్‌లలో ముల్లును తిప్పుకునే మీట ఉంటుంది, ఒకవైపు ఎల్‌పీకి (నిమిషానికి 33 చుట్లు తిరిగే పెద్ద రికార్డు), ఇంకోవైపు 78కి (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డు). 78 గాడి వెడల్పు ఎక్కువ, దాని ముల్లు లావు. ఆ లావు ముల్లుతో ఎల్‌పీ వేస్తే గాడి చెడిపోతుంది. ఇంకొకటి: మా మామ ఆర్మ్ మీద పది పైసల బిళ్ల అంటించి ఉంది. ముల్లు దూకుతుంటే బరువు పెట్టడం అప్పట్లో అందరూ చేసిన పనే. మీదాని మీద కూడా ఉంటే తీసేయండి. దూకడానికి కారణం అరిగిన ముల్లో, ఆర్మ్ మొదట్లో బిగుసుకున్న కీలో అయి ఉంటుంది.

కరెంటు వైపు మీకు అలవాటు లేకపోతే చేయి పెట్టకండి. వాల్వ్ సెట్‌లో కండెన్సర్లు ప్లగ్ తీసిన తర్వాత కూడా 200, 300 వోల్టులు పట్టుకుని కూర్చుంటాయి. కొన్ని సెట్లలో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, ఇనుప చట్రానికే మెయిన్స్ తగులుతుంది. పాత రేడియోలు చేసిన మనిషిని పట్టుకోండి, ప్రతి ఊళ్లో ఒకరిద్దరు రిటైరైనవాళ్లు ఉంటారు. ఫిల్టర్ కండెన్సర్లు, పెళుసెక్కిన వైర్లు మార్చి, మొదటిసారి 60 వాట్ల ఫిలమెంటు బల్బుతో సీరీస్‌లో పెట్టి ఆన్ చేయమనండి. బల్బు భగ్గుమని వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. సామాను కోసం నేను కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాను. పెట్టె వెనక రేకు మీద 110 వోల్టులు, 60 సైకిల్స్ అని ఉంటే అది అమెరికాది. దానికి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే చాలదు. మన 50 సైకిల్స్ కరెంటుకి మోటారు ఆరింట ఐదొంతుల వేగంతోనే తిరిగి, పాట సాగదీసినట్టు వస్తుంది. బ్రిటన్ నుంచి వచ్చిన బీఎస్ఆర్, గారార్డ్‌లకు ఈ తలనొప్పి లేదు.

రికార్డులు కడగడం గురించి మన జిల్లాలవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. నేను మొదట నాలుగు ఎల్‌పీలను బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టాను. నల్లగొండ నీళ్ల సంగతి దేశమంతా తెలుసు, ఫ్లోరైడ్ తీసే పద్ధతికే మా ఊరి పేరు పెట్టారు. గీజర్ రాడ్‌కి పట్టే తెల్ల పొరే గాడుల్లోనూ పట్టింది. పాట కంటే చిటపటలే ఎక్కువ! పాలమూరులో కూడా బోరు నీళ్లు వాడకండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకుని, అందులో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, మెత్తని బ్రష్‌తో గాడి వెంబడి తుడిచి, మళ్లీ అదే నీళ్లతో కడగండి. లేబుల్ తడవనివ్వకండి. 78 రికార్డులు లక్కతో చేసినవి, వాటికి ఆల్కహాల్ తగిలితే కరిగిపోతాయి. బరువుగా, పెళుసుగా ఉండి కింద పడితే పెంకులా పగిలేవి అవే. వాటిని కడ్డీ మీద పేర్చి పడేయించకండి, ఒక్కొక్కటే చేత్తో పెట్టుకోండి. పేర్చి చూసే ముచ్చట గీతలు పడ్డ 45లతో (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డులు) తీర్చుకోండి.

సూట్‌కేస్ ప్లేయర్ అడిగారు కాబట్టి చెబుతున్నా. చూడటానికి బాగుంటుంది, అరచేతిలో పట్టే స్పీకర్లు, తేలికపాటి ప్లేటు. నాకు బొమ్మలా అనిపించింది. నా పెట్టెకు చెక్క పాలిష్‌తో సహా అయింది 6,000 లోపే. మా వాడకట్టు వడ్లాయన చెద పట్టిన అడుగు పలక మార్చి 1,200 తీసుకున్నాడు.

ప్లేటు తీశాక ఐడ్లర్, వెనక రేకు ఫోటోలు ఇక్కడే పెట్టండి, ఏ మోడలో చూసి చెబుతాను. తిరగడం మొదలయ్యాక ఒకటి గుర్తుంచుకోండి: పాట నడుస్తుండగా కరెంటు పోతే, వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా మీటను ఆఫ్‌లోకి తిప్పేయండి. లేకపోతే రబ్బరు ఇరుసుకు నొక్కుకునే ఉండి, కొత్తగా వేయించిన చక్రానికి కూడా సొట్ట పడుతుంది.