ఎడిటర్ లేని చోట రాసేటోనికి

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. నెట్‌ల రాస్తే పేపర్ల రాసినంత విలువ ఉంటదా, మన దిక్కు సంగతులు ఎవరు చదువుతరు అని అడిగినవు. విలువ సంగతి పక్కకు పెట్టు. 1922ల షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక తెచ్చిండు. దానికి అచ్చుయంత్రం కావాలె, సీసపు అక్షరాలు కావాలె, కంపోజిటర్ కావాలె, చందాదారులు కావాలె, పైనుంచి నిజాం సర్కారు చూపు తప్పించుకోవాలె. ఇయ్యాల ఫోను చేతిలుంటే ఇవేవీ అక్కర్లేదని అందరు చెప్తరు. అక్కడికే ఆగుతరు. ఆ కాలం పత్రికలల్ల పనిచేసిన మనుషులు పోయిండ్రు గని వాళ్ల పనులు ఎక్కడికీ పోలేదు. అక్షరం దిద్దే ప్రూఫ్‌రీడర్ పని, “ఇది నీకెవరు చెప్పిండ్రు” అని నిలదీసే సబ్ ఎడిటర్ పని, పాత సంచికలు కట్టగట్టి దాచే లైబ్రేరియన్ పని, మూడూ రాసేటోని నెత్తినే పడ్డయి. నెట్‌ల తెలుగు పాడైందని ఏడ్చేటోళ్లు మస్తుమంది. ఈ మూడు పనులు చేసేటోళ్లు తక్కువ.

ముందు అక్షరాలు. అచ్చుకు టైపు చేసిచ్చే డీటీపీ సెంటర్ల, ‘అను’ అనే పాత ఫాంట్లతోని కొట్టించిన మ్యాటర్ చూడనీకి తెలుగే. కంప్యూటర్‌కు మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. అట్లనే తీసుకపోయి నెట్‌ల పెడితే గూగుల్‌కు దొరకదు, ఫాంట్ లేని ఫోన్ల పిచ్చి గీతలు వస్తయి. అన్ని ఫోన్లు, కంప్యూటర్లు తెలుగును తెలుగుగనే గుర్తుపట్టే పద్ధతి యూనికోడ్, దాంట్లకు మార్చే కన్వర్టర్లు ఉన్నయి, వాడుకో. కాని మార్చినంక వత్తులు, క్షకారాలు, కొటేషన్ గుర్తులు, అంకెలు ఒక్కొక్కటి చూడాలె, చెడిపోయేటివి ఎక్కువ అవే. ఇంకో దొంగ ఉన్నది. అక్షరం పక్కన పెట్టే సున్న (ం) కొట్టాల్సిన చోట అంకె సున్న (0) కొడతరు. కంటికి తేడా తెలవదు. వెతికేటోనికి మాత్రం ‘తండ్రి’ దొరుకుతడు, ‘త0డ్రి’ దొరకడు.

మీ జిల్లా పేరే తీసుకో. ‘బ’కు పొల్లు పెట్టి వెంటనే ‘న’ కొడితే ‘మహబూబ్నగర్’ అయితది, న వత్తు పోయి బ కింద అంటుకుంటది. ‘మహబూబ్‌నగర్’ అని విడిగ నిలవాలంటే నడుమ కంటికి కనపడని గుర్తొకటి ఉండాలె. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటరు, యూనికోడ్‌ల దాని నెంబరు 200సి. కొన్ని కీబోర్డులల్ల దానికి మీట ఉంటది. లేకుంటే ఒక్కసారి సరిగ్గ పడ్డ పేరును కాపీ చేసి, ఫోన్ పర్సనల్ డిక్షనరీల ‘మబ్న’ లాంటి పొట్టి మాటకు తగిలించుకో. మబ్న కొడితే పూర్తి పేరు ముందుకొస్తది. నాగర్‌కర్నూల్‌కు గూడ ఇదే పని చెయ్యి. నువ్వు ఒక తీరుగ, ఇంకొకరు ఒక తీరుగ రాస్తే ఒకే ఊరు రెండు ఊర్లైతది, వెతికేటోనికి సగం మ్యాటరే దక్కుతది.

భాష సంగతి అడిగినవు, మన యాసల రాయాల్నా, పుస్తకాల భాషల రాయాల్నా అని. లోపల నీ భాషనే రాయి. పైన శీర్షికల మాత్రం జనం వెతికే మాట ఉండాలె. నల్లగొండ అని రాసినా వ్యాసంల ఒక్కచోటన్నా నల్గొండ అని గూడ పడాలె, పాలమూరు అన్నచోట మహబూబ్‌నగర్ అని గూడ. నోటితోని చెప్పి టైపు చేయించే సౌకర్యం మంచిదే గని అది పేపర్ తెలుగుకు అలవాటు పడ్డది. ‘యాడికి’, ‘గాడ’, ‘జర’ అంటే దానికి తోచిన మాట పెడతది. అందుకే చెప్పి వదిలెయ్యకు, మాట మాట చదువు. రాసిన పూటనే పెట్టకు, ఒక రాత్రి పండనియ్యి. తెల్లారి చదివితే తప్పులు వాటంతట అవే కనపడతయి.

రెండో పనికి, అదే నిలదీసే సబ్ ఎడిటర్ పనికి, ఎక్కువ టైము పడతది. పోటీ పరీక్షల పిల్లలు టెలిగ్రామ్‌ల పంచుకునే పీడీఎఫ్‌లు చూసినవ్‌గదా. చదువు బీదోని ఇంటిదాంక వచ్చిందంటే వాటితోని, యూట్యూబ్ పాఠాలతోనే వచ్చింది, కాదనను. కాని ఒక నోట్సుల ఇంటిపేరు తప్పు పడితే అదే తప్పు, అదే అక్షరం తోని, పది నోట్సులల్ల కనపడతది. పదిమంది చెప్పినట్టు అనిపిస్తది. నిజానికి చెప్పింది ఒక్కడే, తొమ్మిది మంది ఎత్తిరాసిండ్రు. ఒక సంగతి రెండు చోట్ల దొరికితే సంబరపడకు. ఆ రెండూ వేర్వేరు మూలాల నుంచి వచ్చినయా, ఒకదాన్ని చూసి ఇంకొకటి పుట్టిందా చూడు. వాక్యం వాక్యం ఒకే తీరుగ ఉంటే, తప్పు గూడ ఒకే తీరుగ ఉంటే, అవి రెండు కావు, ఒకటే. ఇప్పుడు ఏఐతోని రాయించిన పేజీలు గూడ ఈ గుంపుల కలిసినయి. వాటి వాక్యాలు నున్నగ ఉంటయి, తారీఖులు గూడ అంతే నున్నగ అబద్ధం చెప్తయి.

మన దగ్గర తప్పు పడే చోట్లు కొన్ని ముందే తెలుసుకో. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినయి. పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చినయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిల అయ్యింది. భూదానోద్యమం నడిపిన వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తనన్న పోచంపల్లి, ఆ దినం, 1951 ఏప్రిల్ 18న, నల్లగొండ జిల్లాల ఉండె, ఇయ్యాల యాదాద్రి భువనగిరిల ఉన్నది. రెండూ నిజమే. ఏ కాలం మాట చెప్తున్నవో రాయకుంటే రెండూ తప్పైతయి. అంతకు పాతవి, నిజాం కాలం కాయితాలు చూస్తే ఫసలీ సంవత్సరాలు, అంటే అప్పటి సర్కారు శిస్తు లెక్కల ఏండ్లు, ఎదురైతయి. ఫసలీకి 590 కలిపితే మన లెక్కకు దగ్గరికొస్తది, 1317 ఫసలీ అంటే 1907. అయితే ఫసలీ జనవరిల మొదలుకాదు కాబట్టి నెల గూడ చూడాలె, లేకుంటే ఒక ఏడాది ముందుకో ఎనుకకో పోతవు. ఊరి పెద్దమనిషి దగ్గర పాత పట్టా కాయితం కనపడితే ఫసలీ అంకెను ఉన్నదున్నట్టు రాసుకొని, పక్కన నీ లెక్క పెట్టు. నీ లెక్క తప్పితే చదివేటోడు సరిజేసుకుంటడు.

ఇంక వైరల్ సంగతి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీద ఎన్ని వీడియోలున్నయో చూడు. గర్భగుడిల నీడ పగలంత కదలకుండ ఉంటది, సైంటిస్టులకు గూడ అంతుబట్టలేదు అని ఒకడంటే, వెయ్యి మంది అదే అంటరు. అంతుబట్టకపోవుడు ఏమీ లేదు. ఆ నీడ ఎదురుంగ ఉన్న ఏ ఒక్క స్తంభానిది కాదు. లోపలికి వెలుతురు నేరుగ ఎండ నుంచి కాకుండ, పలు దిక్కుల నుంచి చెదిరి వస్తది, ఒకటికంటే ఎక్కువ స్తంభాలు అడ్డం వచ్చిన చోట నీడ నిలుస్తది, అందుకే సూర్యుడు జరిగినా అది జరగదు. ఇది చదివి ఎత్తిరాస్తే నువ్వు గూడ ఆ వెయ్యిలో ఒకనివే. నల్లగొండకు ఆనుకొనే ఉన్నది, పో. పొద్దున తొమ్మిదికి, నడిమధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకు, ఒకే చోట నిలబడి, ఒకే ఎత్తుల ఫోను పట్టుకొని మూడు ఫొటోలు తియ్యి. ఫ్లాష్ వేస్తే నీడ చచ్చిపోతది, ఆపెయ్యి. ఫోను తనంతట తాను వెలుగు సరిజేసుకుంటది కాబట్టి మూడు ఫొటోలల్ల నలుపు మూడు తీర్లుగ వస్తది; తెరమీద వేలు పెట్టి ఒత్తిపడితే ఆ సెట్టింగు గట్టిగ నిలబడతది. స్తంభాల వరుసను కాయితం మీద గీసుకో, వెలుతురు ఎటు నుంచి వస్తున్నదో బాణాలు పెట్టు. ఆ గీత, ఆ మూడు ఫొటోలు, కింద తారీఖు. ఇవి ఉన్న వ్యాసానికి అద్భుతం, రహస్యం అన్న మాటలు అక్కర్లేదు. లింగం ఫొటో తీసే ముందు పూజారిని అడుగు, వద్దంటే ఊరుకో.

రాయనీకి ఏముంది అంటవేమో. మన దిక్కు ఊరి పేరు పెట్టుకొని ప్రపంచమంత తిరుగుతున్న పని ఒకటున్నది, నల్లగొండ టెక్నిక్. బోరునీళ్లల్ల ఫ్లోరైడ్ తీసేటందుకు నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసిన పద్ధతి. నీళ్లల్ల సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి జోరుగ కలిపి, తర్వాత మెల్లగ కలిపితే ముద్దలు కడతయి, ఆ ముద్దలు ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుక్కు దిగుతయి, పైన తేటనీళ్లు వడగట్టుకుంటరు. పటిక ఎంత వెయ్యాలన్నది ఫ్లోరైడ్ ఎంతున్నదన్నదాని మీదనే కాదు, నీళ్ల క్షారగుణం మీద గూడ ఆధారపడతది. ఒక ఊరి కొలత ఇంకో ఊరికి పనిచెయ్యకపోయేది అందుకే. తాగేనీళ్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దిక్కులేకుంటే 1.5 దాంక సరేనని మన దేశ ప్రమాణం. దీని మీద ఇంగ్లీషుల పేపర్లకు లెక్కలేదు, ఆఫ్రికా దేశాల అనుభవాలు గూడ రాసిండ్రు. మర్రిగూడ, నాంపల్లి మండలాల పిల్లగాడు తన భాషల చదువుకునేటట్టు నువ్వు రాయి. ఆ నీళ్లు తాగిన మనుషుల ఎముకలను ఫొటో తీసి పెట్టుడు మాత్రం వద్దు. ఆ ఫొటోలు చాలైనయి.

మూడోది దాచిపెట్టుడు. పాతపేపర్ కనీసం అటుకు మీద పడి ఉండేది. ఈ-పేపర్ జిల్లా పేజీ కొన్ని దినాలకు లింకు చచ్చిపోతది. నువ్వు ఆధారం చూపించిన ప్రతి పేజీని, వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ సైటుల ‘సేవ్ పేజ్ నౌ’ కొట్టి నిలబెట్టు, ఆ లింకు గూడ పక్కన రాయి. నీ వ్యాసానికి గూడ అదే చెయ్యి. ఏ కంపెనీ ఇచ్చిన ఉచిత జాగాను నమ్ముకోకు; రాసిన మూలం సాదా టెక్స్ట్ ఫైలుగ నీ దగ్గర ఒకటి, వేరే చోట ఒకటి ఉండాలె. ఫొటోలు వాట్సాప్‌ల మామూలుగ పంపితే కుదించి పంపుతది, శాసనం అక్షరాలు అలుక్కుపోతయి. డాక్యుమెంట్‌గ పంపితే అసలుది అసలుగనే పోతది.

పాటల కాడ ఇంకా జాగ్రత్త. బతుకమ్మ పాటో, నాటు పాటో ఒక అవ్వ పాడితే, దానికి డీజే కొట్టి, కింద ‘ఫోక్ సాంగ్’ అని వేసి, ఆమె పేరు లేకుండ లక్షల వ్యూలు తీసుకునేటోళ్లు ఉన్నరు. నువ్వు రికార్డు చేసేటప్పుడు ముందు ఆమెనే ఊరు, తారీఖు, ఎవరి దగ్గర నేర్చుకున్నదో చెప్పమను, ఆ మాట ఫైలుల మొదలే ఉంటది, ఎవరూ విడదీయలేరు. పేరు పెట్టొచ్చునా, నెట్‌ల పెట్టొచ్చునా అని గూడ అడిగి, ఆమె జవాబు అందులనే పడనియ్యి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టు, ఫ్యాన్ బందు చెయ్యి, మూరెడు దూరంల బట్ట మీద పెట్టు. బల్ల మీద పెడితే ప్రతి చప్పుడు ఎక్కుతది. పాట తప్పు పాడిందని ఆపకు. పక్కూర్ల అదే పాటకు చరణం మారితే అది తప్పు కాదు, అదే పాటకు ఇంకో రూపం. రెండూ ఉంచు.

పాత పుస్తకాలు నెట్‌ల పెట్టాలని ఉబలాటం నీకున్నదని తెలుస్తనే ఉన్నది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన ఏడాది దాటినంక 60 ఏండ్లు హక్కులు వారసులవి. రచయిత, పత్రికా సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 1953ల పోయిండు, బతికుండంగ ఆయన పేరుతోని అచ్చైన రచనలు 2014 జనవరి నుంచి అందరివి. వాటిని స్కాన్ చేసి, పుస్తకాలను ఉచితంగ చదువనిచ్చే వికీసోర్స్ సైటుల టైపు చెయ్యొచ్చు. నిన్నమొన్న పోయిన కవి పుస్తకం పీడీఎఫ్ పెడితే అది సేవ కాదు, వాళ్ల ఇంటోళ్ల నోటికాడి కూడు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్ నుంచి ఉన్నది, మీ ఊరి పేజీ గూడ ఉండొచ్చు, చూడు. అక్కడ నువ్వు చూసొచ్చింది, అవ్వ చెప్పింది నేరుగ రాస్తే తీసేస్తరు, అచ్చైన ఆధారం అడుగుతరు. అది వాళ్ల నియమం, కొట్లాడకు. చూసొచ్చింది నీ సొంత జాగల రాయి, అచ్చైంది అక్కడ రాయి.

డబ్బుల మాట. యూట్యూబ్‌ల యాడ్స్ డబ్బులు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, పొడుగు వీడియోలకైతే పన్నెండు నెలలల్ల 4,000 గంటల వీక్షణం ఉండాలె, షార్ట్స్‌కు లెక్క వేరే. ఆ గంటల కోసం ఉరికినోడు మొదలు శీర్షిక మారుస్తడు, తర్వాత సంగతి మారుస్తడు. బతుకుదెరువు వేరే చూసుకొని రాసేటోనికి ఆ బాధ లేదు. నీకు కొలువుంది గద, ఇంకేం.

ఒకటి మాత్రం మనసుల పెట్టుకో. తెలంగాణల కవులు లేరన్న మాట వచ్చినప్పుడు, గోలకొండ పత్రిక నడిపిన ప్రతాపరెడ్డి తిట్టుకు తిట్టు రాయలేదు. 1934ల 354 మంది కవులతోని ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి ముందల పెట్టిండు. ఫేస్‌బుక్‌ల ఎవడన్న పాలమూరును తక్కువ చేసి రాస్తే నీ చెయ్యి దురదపెడతది, తెలుసు. ఆ గంట పోయి ఒక ఊరి శాసనం చదువుకో. తప్పు నీదే అని ఎవరన్న చూపిస్తే మాత్రం వెంటనే దిద్దు. చడీచప్పుడు లేకుండ మార్చకు. ఏం మారింది, ఏ తారీఖున మారింది, ఎవరు చెప్తే మారింది, వ్యాసం కిందనే రాయి.

పానగల్లు వ్యాసం అయినంక నాకు పంపు. ప్రతి తారీఖు పక్కన అది ఎక్కడ దొరికిందో బ్రాకెట్ల రాసి పంపు. అచ్చేసేటప్పుడు తీసేద్దువు గని, నేను చదివేటప్పుడు ఉండాలె.

మీ అన్న