బర్రెకు ప్రోబయాటిక్ పౌడర్ వేసినా పాలు పెరుగుతలేవు, ఎందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. రెండో ఈత ముర్రా బర్రె, ఈని రెండు నెలలైంది. పూటకు 4 లీటర్లు ఇచ్చేది 2.5కు పడింది, ఫ్యాట్ 7 నుంచి 5కు వచ్చింది. పెండ పలుచగా, పుల్ల వాసనతో వేస్తుంది. అరుగుదల తగ్గిందని షాపులో ప్రోబయాటిక్ పౌడర్, యాంటీబయాటిక్ బిళ్లలు ఇచ్చిన్రు, పది రోజులు వేసినా తేడా లేదు. రోజుకు 4 కిలోల నూకలు ఉడికించి, తవుడు కలిపి పెడుతున్నం. పుల్ల మజ్జిగ పొయ్యమంటున్నరు, పొయ్యాల్నా? మంచి పౌడర్ ఏదన్నా చెప్పండి.

జవాబు: పౌడర్ మార్చి లాభం లేదండి, అసలు రోగం నూకలది. మిల్లుల కాడ చౌకగా దొరుకుతయని మీ దిక్కు చాలామంది ఇదే చేస్తున్నరు. బర్రె పెద్ద పొట్టలో ఒక్క మిల్లీలీటరు రసంలనే వెయ్యి కోట్ల దాకా బ్యాక్టీరియా ఉంటయి, గడ్డి అరిగించేవి, పాలల్ల వెన్నకు కావల్సింది తయారుచేసేవి అవే. ఉడికిన నూకలు అంత పడితే పిండి తినే రకాలు పెరిగి ఆమ్లం చేస్తయి, ఆ పులుపుకు గడ్డి తినేవి చస్తయి. మీ ఫ్యాట్ అట్లనే పడింది. పుల్ల మజ్జిగ అస్సలు పొయ్యొద్దు, ఉన్న పులుపు చాలు.

ఇయ్యాల్టి నుంచి నూకలు పూర్తిగా బంద్ చేయండి, తవుడు సగం తగ్గించండి. ఎండు వరిగడ్డి ఎంత తింటే అంత ముందల ఉంచండి, అది నమిలి నెమరేస్తేనే లాలాజలం ఊరి పులుపు విరుగుతది. వంట సోడా పొద్దున 50 గ్రాములు, సాయంత్రం 50 గ్రాములు దాణాలో కలిపి 5 రోజులు పెట్టండి, నీళ్లల్ల కలిపి గొట్టంతో మాత్రం తాగించొద్దు, ఊపిరితిత్తుల్లకు పోతే బర్రె దక్కదు. మినరల్ మిక్చర్ రోజుకు 50 గ్రాములు. పెండ గట్టిపడ్డంక నూకలు ఉడికించకుండ పావు కిలోతో మొదలుపెట్టి, 15 రోజుల్లో మెల్లగ కిలో దాకా పెంచండి, అంతకు మించొద్దు. ఈస్ట్ పౌడర్ రోజుకు 10 గ్రాములు అప్పుడు మూడు వారాలు వేస్తే పనికొస్తది, మేత సరి చేయకుండ వేస్తే పైసలు దండుగ.

ఇగ ఆ బిళ్లల సంగతి. పెండ పరీక్ష లేదు, డాక్టర్ చూసింది లేదు, షాపాయన ఇచ్చిండని నోట్లె యాంటీబయాటిక్ ఎట్ల వేస్తరండి? ఒక చేత్తో ప్రోబయాటిక్ పౌడర్‌ల ఉండే మంచి బ్యాక్టీరియా పోస్తూ ఇంకో చేత్తో వాటిని చంపే మందు వేసిన్రు, పొట్టలో మిగిలిన మంచివి కూడా పోయినయి. ఆ మందు పాలల్లకు కూడా వస్తది, ఆ పాలే మీ పిల్లలు తాగుతరు, కేంద్రంల పోస్తే ఊరి పిల్లలు తాగుతరు. బిళ్లలు ఇప్పుడే ఆపండి, పాలు ఎన్ని రోజులు వాడొద్దో ఆ అట్ట డాక్టరుకు చూపించి అడగండి. షాపాయనకు అమ్ముడుపోయేదే మందు, మీ బర్రె గాటి కాడ ఏం తింటుందో ఆయన అడగనే లేదు కదా.

మూడు రోజుల్లో నెమరు మొదలుకాకుంటే డాక్టరును పిలిపించండి, ఆరోగ్యంగ ఉన్న పశువు పెద్ద పొట్టలోని రసం తీసి వడగట్టి ట్యూబుతో ఎక్కిస్తరు, ఏ పౌడర్ కన్నా అది మేలు. పండ్లు నూరుతున్నా, కండ్లు గుంటలు పడ్డా, లేవలేకపోయినా మూడు రోజులు ఆగొద్దు, వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.