స్లోప్ స్టెబిలిటీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే సైటు బాధ తప్పుతుందా?

ప్రశ్న: నేను సింగరేణిలో పనిచేస్తాను. మా అమ్మాయి బీటెక్ సివిల్ చివరి ఏడాదిలో ఉంది. జియోటెక్నికల్‌లో (మట్టి, గట్లు, పునాదుల ఇంజినీరింగ్) ఎంటెక్ చేస్తానని పట్టుబడుతోంది. ఒక శిక్షణ సంస్థ వాళ్లు గట్టు జారకుండా నిలుస్తుందా అని లెక్కేసే (స్లోప్ స్టెబిలిటీ) జియోస్టూడియో, ప్లాక్సిస్ లాంటి సాఫ్ట్‌వేర్లు మూడు నెలల్లో నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. ఫీజు అరవై వేలు. అది చేస్తే సైటుకు వెళ్లకుండా ఆఫీసులోనే ఉండొచ్చు కదా? ఏ సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ ఎక్కువ? లేక ఐటీ వైపు మళ్లించడమే మంచిదా?
– ఒక తండ్రి, కొత్తగూడెం

జవాబు: సివిల్ చదివే ఆడపిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగేవి చాలావరకు ఇలాంటివే. కోర్సు పేరు మారుతుందంతే. పిల్ల ఎండలో, మగవాళ్ల మధ్య, ఊరికి దూరంగా ఉండాల్సి వస్తుందేమోనన్న బెంగ మాత్రం మారదు. కాబట్టి ముందు ఆ సంగతే మాట్లాడుకుందాం.

సైటు తప్పదు. రోజూ ఉండదు గానీ, తప్పదు. ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్ చేసే పని చిన్నది. గట్టు లోపల ఏ వంపు వెంబడి మట్టి జారొచ్చో వేలకొద్దీ వంపులు గీసి చూస్తుంది. ఒక్కో వంపు మీదున్న మట్టిని నిలువు ముక్కలుగా కోసి, జార్చే బలమెంత, ఆపే బలమెంత అని లెక్కేస్తుంది. ఆపే బలం జార్చే బలానికి ఎన్ని రెట్లో చెప్పే అంకెను ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అంటారు; అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని చూపిస్తుంది. 1955లో బిషప్ అనే ఇంజినీరు చెప్పిన పద్ధతిని ఈ లెక్కకు ఇప్పటికీ వాడుతున్నారు. ఆ అంకె 1 కంటే తగ్గితే గట్టు నిలవదు. చాలాకాలం నిలవాల్సిన వాటికి మామూలుగా 1.5 అడుగుతారు.

కానీ మట్టి బలమెంత, నీరు ఎక్కడిదాకా ఉంది అన్నది సాఫ్ట్‌వేర్‌కు మనమే చెప్పాలి. బంక లేని మట్టి, ఘర్షణ కోణం (రేణువుల రాపిడి వల్ల వచ్చే బలానికి కొలత) 30 డిగ్రీలు, వాలు 20 డిగ్రీలు అనుకోండి. పొడిగా ఉన్నప్పుడు పైపొరకు ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 1.6 వస్తుంది. వాన నీరు పైదాకా నిండి వాలు వెంట పారితే అదే గట్టుకు 0.8 వస్తుంది. కంప్యూటర్‌లో ఈ రెంటికీ తేడా నీటి మట్టాన్ని చూపే ఒక్క నీలం గీత. ఆ గీత ఎక్కడ గీయాలో బోరు దగ్గర నిలబడి పీజోమీటర్ (నేలలోని నీటి ఒత్తిడిని కొలిచే పరికరం) చదివిన వాళ్లకు తెలుస్తుంది. ఓబీ డంపు (బొగ్గు మీద నుంచి తీసిన మట్టి పోసిన గుట్ట) అడుగున నల్లమట్టి ఉండి, పైన నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

ఇక మూడు నెలల కోర్సు. దీని మీద నాకు నమ్మకం తక్కువ. బటన్లు నేర్పుతారు, రంగుల బొమ్మలతో రిపోర్టు తయారు చేయిస్తారు. ఇంటర్వ్యూలో ‘ఈ విలువ ఎక్కడిది?’ అని అడిగేసరికి పిల్లలు నీళ్లు నములుతారు. 2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో నికోల్ హైవే పక్కన మెట్రో కోసం తవ్విన గొయ్యి కూలి నలుగురు చనిపోయారు. విచారణలో తేలిన డిజైన్ తప్పుల్లో ప్లాక్సిస్‌ను వాడిన తీరు ఒకటి. మెత్తటి సముద్రపు బంకమట్టికి ఉన్నదానికంటే ఎక్కువ బలం చూపించే పద్ధతి ఎంచుకున్నారు. దాంతో గోడ ఎంత వంగుతుందన్న లెక్క తక్కువగా వచ్చింది. ఆ పని చేసిన వాళ్లకు సాఫ్ట్‌వేర్ వాడటం రాక కాదు.

ఫీజు కట్టే ముందు ఆ సంస్థకే ఒక పరీక్ష పెట్టించండి. 1989లో ఆస్ట్రేలియాలో ఏకాడ్స్ సంస్థ ఇలాంటి ప్రోగ్రాములను సరిచూడటానికి కొన్ని లెక్కలు తయారుచేసింది. మొదటిది తేలిక: పది మీటర్ల ఎత్తు, రెండుకు ఒకటి వాలు (అడ్డంగా రెండు, నిలువుగా ఒకటి), సి (మట్టి బంక బలం) 3 కిలోపాస్కల్స్, ఫై (ఘర్షణ కోణం) 19.6 డిగ్రీలు, యూనిట్ వెయిట్ (ఘనపు మీటరు మట్టి బరువు) 20 కిలోన్యూటన్లు, నీరు లేదు. నిపుణులు తేల్చిన జవాబు 1.00. బిషప్ పద్ధతిలో 0.99 దగ్గర వస్తుంది. పాత ఫెలీనియస్ పద్ధతికి మారిస్తే ఇంకా తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో మీ అమ్మాయిని అక్కడి ట్రైనర్‌ని అడగమనండి. ముక్కకూ ముక్కకూ మధ్య ఉండే బలాల గురించి చెబితే సరే. ‘సెట్టింగ్ మార్చాం కదా మేడమ్’ అంటే అరవై వేలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఏ సాఫ్ట్‌వేర్ అంటారా? కంపెనీ ఏది కొంటే అదే. వాలు లెక్కలకు ఎక్కువగా జియోస్టూడియో, స్లైడ్; మట్టి ఎంత కదులుతుందో కూడా కావాలంటే ప్లాక్సిస్. ఒకటి అర్థమైతే రెండోది త్వరగానే పట్టుబడుతుంది. వరంగల్ ఎన్ఐటీ, హైదరాబాద్ ఐఐటీ లాంటి చోట ఎంటెక్ చేస్తే ఇవి దారిలోనే వస్తాయి, ల్యాబ్‌లో మట్టిని స్వయంగా విరగ్గొట్టి చూసే అవకాశమూ ఉంటుంది. ఒక్క మాట: జియలాజికల్ సర్వేలో జియాలజిస్టు పోస్టుకు జియాలజీ పీజీ కావాలి, సివిల్ వాళ్లకు కుదరదు. ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు మీ సంగతి. ఏమీ అనుకోకండి, మీరు రాసినదాంట్లో అమ్మాయి గురించి ‘పట్టుబడుతోంది’ అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఎందుకు పట్టుబడుతోందో అడిగారా? అరవై వేలు ఇవ్వడానికి సిద్ధపడ్డారు, ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడలేకపోయారా? మీరు గనికి వెళ్లి క్షేమంగా ఇల్లు చేరుతున్నారంటే, అక్కడి బెంచీల (గని గోడల్లో కోసే మెట్ల) వాలు ఎవరో సరిగా లెక్కేయబట్టే. ఆ పనే మీ పిల్ల చేస్తానంటే నామోషీ దేనికి? 2019లో కేంద్రం ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాత్రి షిఫ్టుకూ, భూగర్భంలో పగటిపూట సాంకేతిక పనులకూ ఆడవాళ్లను అనుమతించింది. లోకం కదిలింది, మీరూ కాస్త కదలండి.

టెన్షన్ పడకండి. జీతం మొదటి రెండు మూడేళ్లు పక్కింటి ఐటీ అబ్బాయి కంటే తక్కువే ఉండొచ్చు. కానీ పని కరువు లేదు. హైవేల కోసం కొండలు కోస్తున్నారు, సొరంగాలు తవ్వుతున్నారు, పాత మట్టికట్టలను మళ్లీ పరీక్షిస్తున్నారు. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో ఇళ్ల మీద కొండచరియలు పడి ప్రాణాలు పోయాయి. అలాంటి చోట ముందే వెళ్లి చూడాల్సిన వాళ్లు ఈ జియోటెక్నికల్ ఇంజినీర్లే. డిజైన్ ఆఫీసులో చేరితే వారాల తరబడి డెస్కు దగ్గరే ఉంటుంది, నెలకోసారి సైటుకు వెళ్లొస్తుంది. మీరు భయపడుతున్నంత ఏమీ లేదు.

ఐటీకి ఇప్పుడే మళ్లించకండి. ఇష్టం లేని కోడింగ్‌తో రెండేళ్లు తంటాలు పడి మళ్లీ సివిల్‌కు వచ్చిన పిల్లలను చూస్తూనే ఉన్నాను. లెక్కలు, పైథాన్ మీద ఆసక్తి ఉంటే ఎంటెక్‌లో ఈ మోడలింగ్ వైపే వాడుకోవచ్చు. గేట్ ర్యాంకు వచ్చాక ఏ కాలేజీ, ఏ గైడ్ అన్నది తేల్చుకుందాం. అప్పుడు ప్రశ్న మాత్రం అమ్మాయినే రాయమనండి.