కొండ ఊరి నేలనూ వాతావరణాన్నీ తెలుసుకోవడం గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పట్టుమని నలభై గడపలు కూడా లేని కొండ ఊరికి ఉద్యోగరీత్యా వెళుతున్నావనీ, అక్కడ ఉన్నంతకాలం ఆ ఊరి భూస్వరూపాన్నీ వాతావరణాన్నీ నమోదు చేయాలనుకుంటున్నావనీ రాసిన ఉత్తరం అందింది. ఇంత చిన్న ఊళ్ల సంగతి ఎవరూ రాసిపెట్టరు కాబట్టి నీ సంకల్పం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఒక్క విషయం మాత్రం ముందే మనసులో పెట్టుకో. కొండ ఊరికి ఒకే వాతావరణం ఉండదు. దిగువ పట్టణంలో నమోదైన అంకెలు పై ఊరికి అతకవు సరికదా, ఊరి ఎగువ ఇంట్లో తీసిన అంకె దిగువ ఇంటికే అతకదు.

అందుకని పరికరాల జోలికి పోకముందు ఒక నెల రోజులు కాలినడకన తిరుగు. 1:50,000 స్కేలు పటం ఒకటి దగ్గర ఉంచుకుని, ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే సమోన్నత రేఖలు ఎక్కడ ఒరుసుకుంటున్నాయో, ఎక్కడ ఎడంగా ఉన్నాయో చూసి, ఆ చోటికి స్వయంగా వెళ్లి నిలబడు. ప్రతి వాలూ ఏ దిక్కుకు తిరిగి ఉందో రాసుకో. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు తిరిగిన వాలుకు ఎండ ఎక్కువ. ఉత్తరపు వాలు మీద తేమ ఆరదు, మంచు పడే చోట అది ఆలస్యంగా కరుగుతుంది. శిఖరం నీడ ఊరి మీద ఎన్నింటికి పడుతుందో, ఎన్నింటికి తొలగుతుందో ప్రతి నెలా ఒకే తేదీన గుర్తించు. ఇది చిన్న విషయమని అనుకోవద్దు. ఇటలీలోని ఆల్ప్స్ పర్వతాలలో విగనెల్లా అనే చిన్న ఊరికి కొండ అడ్డం వల్ల చలికాలంలో సుమారు 83 రోజులు సూర్యుడే కనబడడు. అక్కడివారు 2006లో ఎదుటి కొండ మీద 40 చదరపు మీటర్ల అద్దం నిలిపి ఊరి కూడలిలోకి వెలుగు మళ్లించుకున్నారు.

ఇక చలి సంగతి కొంచెం విపులంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పైకి వెళ్లేకొద్దీ సగటున ప్రతి 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని నీవు చదువుకున్నావు. అయితే ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించిన చలికాలపు రాత్రి ఈ లెక్క తలకిందులవుతుంది. నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. దానిని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, నీరు పల్లమెరిగినట్టు వాలు వెంట దిగిపోయి లోయ అడుగున మడుగు కడుతుంది. ఆ వేళ దిగువ పొలంలో కంటే నడివాలులోని ఇంటి దగ్గరే వెచ్చగా ఉంటుంది. ఆస్ట్రియాలో 1,270 మీటర్ల ఎత్తున ఉన్న ఒక గిన్నెలాంటి పల్లంలో 1932లో మైనస్ 52.6 డిగ్రీలు నమోదు కావడానికి కారణం ఈ చల్లగాలి మడుగే. దీనిని పరికరం లేకుండానే చూడవచ్చు. తెల్లవారుజామున పొయ్యిల పొగ కొంత ఎత్తు నిటారుగా లేచి, కనబడని మూత ఏదో తగిలినట్టు ఆగి, అడ్డంగా పలచటి పొరలా పరుచుకుంటుంది. ఆ పొర ఎంత ఎత్తున నిలిచిందో, ఏ ఇంటి కప్పుకు సమంగా ఉందో గుర్తుపెట్టుకుంటే చల్లగాలి మడుగు పై అంచు ఇంచుమించు తెలిసినట్టే.

నేను మొదటిసారి ఒక కొండ ఊరిలో ఉష్ణమాపకం పెట్టినప్పుడు, చూడటానికి వీలుగా ఉంటుందని బడి గోడకు వేలాడదీశాను. ఆ గోడ పగలంతా ఎండను పీల్చుకుని రాత్రంతా వేడి విడిచేది. నాలుగు నెలల లెక్కలో ఒక్క రాత్రి కూడా సున్నా దాకా దిగలేదు. కింది పొలంలో మాత్రం తెల్లవారేసరికి గడ్డి అంచులు తెల్లగా గడ్డకట్టి, కాలి కింద కరకరలాడేవి. ఆ నాలుగు నెలల శ్రమ వృథా అయిన బాధ నాకు ఇప్పటికీ ఉంది. నీవు గోడలకు దూరంగా, నేలకు మీటరున్నర ఎత్తున, ఎండ తగలకుండా గాలి ఆడేలా ఉష్ణమాపకాన్ని పెట్టు; వీలైతే ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉంచు.

గాలి విషయం త్వరగానే తెలిసిపోతుంది: మబ్బు లేని రోజున పగలు లోయ నుంచి పైకి, రాత్రి కొండ మీద నుంచి కిందికి వీస్తుంది.

వాన అంత తేలికగా చిక్కదు. తేమగాలి కొండను ఎక్కుతూ చల్లబడి, ఎదురు వాలు మీదే చాలావరకు కురిసి, అవతలి వైపుకు పొడిగా దిగుతుంది. నీ ఊరు ఏ వైపున ఉందో తేల్చుకో. వర్షమాపకాన్ని చెట్టుకో ఇంటికో దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉంచి, రోజూ ఒకే వేళకు కొలువు. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఊటలు ఎందుకు పెరిగాయో, ఎందుకు తగ్గాయో ఈ లెక్కతోనే అర్థమవుతుంది.

ఊరి నైసర్గిక స్వరూపం రాసేటప్పుడు వాగు కొండ దిగి బయటపడే చోట ఉన్న చదును నేలను ప్రత్యేకంగా పరిశీలించు. కొండ ఊరిలో చదును నేల అరుదు కాబట్టి ఇళ్లు అక్కడికే చేరుతాయి. నిజానికి విసనకర్రలా పరుచుకున్న ఆ నేలను పేర్చింది వాగే. పెద్ద వానకు రాళ్లనూ బురదనూ మళ్లీ అక్కడికే తెస్తుంది. గట్టు తెగిన చోట మట్టి పొరల మధ్య రాళ్ల వరుసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు, వాగు అలా ఎన్నిసార్లు వచ్చిందో ఇంచుమించు తెలుస్తుంది. మొదలు దగ్గర వంగి పైకి నిటారుగా పెరిగిన చెట్లు, వాలుకు అడ్డంగా నెర్రెలు, ఉన్నట్టుండి బురదగా మారిన ఊట కనిపిస్తే వాలు జారుతోందేమోనని అనుమానించి, రాయడంతో సరిపెట్టకుండా ఆ రోజే ఊరివారికి చెప్పు.

వాతావరణ శాస్త్రవేత్తలు 30 ఏళ్ల సగటును ప్రమాణంగా తీసుకుంటారు. నీ ఒక్క ఏడాది అంకెలు దానికి సాటిరావు గనుక, ఆ ఊరిలో ముసలివారైన వారి జ్ఞాపకాలను కూడా పక్కన చేర్చు. ‘పూర్వం వానలు ఎక్కువగా పడేవా’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఫలానా ఊట ఏ ఏడు ఎండింది, వరద ఏ రాయి దాకా వచ్చింది అని అడుగు, ఆ రాయి దగ్గరికి వారితోపాటు వెళ్లి కొలిచి రా.

మొదటి మూడు నెలల లెక్కలు నాకు పంపు. వాన పడని రోజు గడిలో తప్పకుండా సున్నా వెయ్యి. ఖాళీగా వదిలితే ఆ రోజు వాన కురవలేదో, నీవు కొలవలేదో తర్వాత చూసేవారికి తెలియదు.

ఇట్లు,
నీ మామయ్య