నీళ్ల కింద గడప

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. ఆగస్టులో పడవ అద్దెకి తీసుకుని వారం రోజులు ఇంగ్లండ్ నుంచి వేల్స్‌లోకి పోయే లాంగోలెన్ కాలువ మీద తిరుగుతారట, నడిపేది కూడా మీరేనట. అది టెన్షన్ పడుతూ చెబుతుంటే నేను పైకి నవ్వేశాను. "దానికి ధైర్యం నా పోలికే" అని కూడా అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు. లేచి కూర్చుని ఇది మొదలుపెట్టాను. పొడుగైందని విసుక్కోకు.

ఇంగ్లండ్‌లో ఈ పడవ నడపడానికి మనిషికి లైసెన్స్ అక్కర్లేదు. అద్దెకిచ్చేవాళ్లు ఓ గంటసేపు చూపించి తాళం చేతిలో పెట్టేస్తారు. ఆ గంటా అల్లుడు వీడియో తీస్తూ, నువ్వు సామాన్లు సర్దుతూ ఉంటే కుదరదు. ఇద్దరూ వినండి. పెదనాన్న, నేను ఆ తప్పే చేశాం. ఆయన విన్నారులే అని నేను, నేను విన్నానులే అని ఆయన.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. ఎదురు పడవ వస్తే కుడి పక్కకి జరగాలి, రోడ్డు మీదలా ఎడమకి కాదు. చుక్కాని పిడి ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుంది, అరపూట తికమక పడి అలవాటైపోతారు. వేగం గంటకి 4 మైళ్లు మించకూడదు. గట్టుకి కట్టేసిన పడవల పక్కనుంచి వెళ్లేటప్పుడు ఇంకా తగ్గించాలి, లేకపోతే వాళ్ల టీ కప్పులు దొర్లుతాయి, వాళ్లు బయటికొచ్చి మీవైపు చూసే చూపు నాకు తెలుసు. మలుపుల్లో, లాకుల (నీటి మట్టం మార్చి పడవని ఎక్కించి దించే తలుపుల అరలు) దగ్గర, వంతెనల కింద పడవ కట్టకూడదు. చీకటి పడ్డాక నడపకూడదు. మంచినీళ్ల ట్యాంకు రోజూ నింపుకోవాలి. కాలువ నీళ్లు ముట్టుకున్న చేతులతో ఏమీ తినకూడదు. ఎలుకల వల్ల ఆ నీళ్లలో జబ్బు ఉండొచ్చు, చేతికి గాయముంటే ప్లాస్టర్ వెయ్యి. పిల్లలకి బయట ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్. ఉక్కపోస్తోందని విప్పుతారు, నువ్వు ఒప్పుకోకు.

పడవకి బ్రేకులుండవు. రివర్స్ గేరే బ్రేకు. పదిహేను టన్నుల ఇనుము అది. గోడకి తగలబోతోందని కాలో చెయ్యో అడ్డం పెట్టారంటే ఎముక పిండే. తగిలితే తగలనీ. రంగు పోతే డిపాజిట్ పోతుంది, అంతేగా.

మీ అత్తగారూ మామగారూ కూడా వస్తున్నారని విన్నాను. సంతోషం. ఆవిడ చీర కట్టుకుంటానంటే కట్టుకోనీ, కానీ వెనక చుక్కాని దగ్గర నిలబడితే కొంగు నడుముకి దోపుకోవాలి. నీ చున్నీకీ అదే రూలు. నీళ్లలో తిరిగి పడవని నడిపే ఫ్యాన్‌కి గడ్డో గుడ్డో చుట్టుకుంటే వెనక చిన్న మూత తీసి చేత్తో లాగాలి. అప్పుడు ఇంజన్ ఆపితే చాలదు, తాళం తీసి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. లోపల కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం మోగుతోందో లేదో మొదటి సాయంత్రమే నొక్కి చూడు. చలేస్తోందని ఉన్న గాలి కంతల్లో గుడ్డలు కుక్కే అలవాటు మనవాళ్లకి ఉంది, మామగారిని ఓ కంట కనిపెట్టు.

లెక్క కూడా ఒకటి చూసుకో. నాంట్‌విచ్ వైపు నుంచి బయల్దేరుతున్నారట. హర్ల్‌స్టన్ దగ్గర కాలువ మొదలు, అక్కణ్ణించి లాంగోలెన్‌కి 45 మైళ్లకి కాస్త తక్కువ, మధ్యలో 21 లాకులు. ఇక్కడివాళ్ల లెక్క ఏంటంటే మైళ్లూ లాకులూ కలిపి మూడుతో భాగిస్తే గంటలొస్తాయి. అంటే పోవడానికి 22 గంటలు, రావడానికి అంతే. వారంలో రోజుకి ఆరేడు గంటలు నడపాలి. పైగా ఆ కాలువ రిజర్వాయర్‌కి నీళ్లు కూడా మోస్తుంది కాబట్టి పారుతూ ఉంటుంది, పోయేటప్పుడు మీకు ఎదురు. కాబట్టి లాంగోలెన్ చేరకపోయినా ఫర్వాలేదని ముందే అనుకోండి. అల్లుడు లెక్కల మనిషి, ప్లాన్ తప్పితే ఊరుకోడు, నాకు తెలుసు.

పాంట్‌కసుల్తే ఆక్విడక్ట్, అంటే కాలువని నది మీదుగా దాటించే వంతెన గురించి మీ అమ్మ తెగ భయపడుతోంది. 1805లో కట్టడం పూర్తయింది. నదికి 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడుగున ఒక ఇనుప తొట్టి. అందులో పడవ పోతుంది. నడిచే దారి వైపు కమ్మీలున్నాయి, రెండో వైపు ఏమీ లేదు, తొట్టి అంచు, దాని అవతల గాలి. చూస్తే గుండె జారుతుంది నిజమే. కానీ ఆ తొట్టిలో పడవకి పక్కకి పోవడానికి చోటే లేదు. పిల్లల్ని లోపల కూర్చోబెట్టి కిటికీలోంచి చూపించు, పడవ పైకప్పు మీదికి ఎవర్నీ ఎక్కనివ్వకు. పెదనాన్న అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు, జీవితంలో మొదటిసారి. నాకు భయం అది కాదు బుజ్జీ. నాకు భయం లాకులంటే.

లాకులు మనకి కొత్తవేం కావు. చిన్నప్పుడు తాతయ్యతో ధవళేశ్వరం వెళ్తే నేను ఆనకట్ట చూసేదాన్ని కాదు, లాకుల దగ్గరే నిలబడేదాన్ని. ఇటు తలుపు మూసి, అటు తూము (నీళ్లు వదిలే చిన్న తలుపు) ఎత్తి, పడవని మెట్టు దించినట్టు దించేవాళ్లు. కాటన్ దొర ఇక్కడి విద్యే అక్కడికి పట్టుకెళ్లాడు. తేడా ఒక్కటే, అక్కడ తలుపులూ తూములూ చూసే లస్కరు ఉండేవాడు. ఇక్కడ చాలా లాకుల దగ్గర ఎవరూ ఉండరు, నువ్వే లస్కరువి. గ్రిండ్లీ బ్రూక్‌లో మూడు లాకులు మెట్లలా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అక్కడ సీజన్‌లో లాక్ కీపర్ ఉంటారు, వాళ్లు చెప్పేదాకా తూము ముట్టుకోకు.

ఇక అసలు సంగతి. అప్పుడు మీ అన్నయ్యకి ఆరేళ్లు. అది వేరే కాలువ. ఐదో రోజు, కిందికి దిగే లాకు. పడవని లోపలికి తెచ్చి వెనక తలుపు మూశాం. ఆ వెనక తలుపు కింద రాతి గడప ఒకటి లాకులోకి పొడుచుకుని ఉంటుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనపడదు. గట్టు మీద తెల్ల గీత వేసి ఉంటుంది, పడవ వెనక భాగం ఆ గీతకి ముందే ఉండాలి. పెదనాన్న పడవ ముందు తలుపుకి తగులుతుందని కొంచెం రివర్స్ వేశారు. వేసి, మర్చిపోయి, కెమెరా తీశారు.

నేను కింద తలుపుల దగ్గర ఉన్నాను. అవతల ఇంకో పడవ ఎదురుచూస్తోంది. వాళ్లని ఆపుతున్నామన్న సిగ్గుతో రెండు తూములూ ఒక్కసారే పూర్తిగా ఎత్తేశాను. ఎత్తి, ఆ పడవలో ఆవిడతో కబుర్లు మొదలుపెట్టాను. వాతావరణం గురించి! ఇంకేముంది ఈ దేశంలో.

ఆవిడ ముఖం మారిపోవడం చూశాను ముందు. తర్వాత వెనక్కి తిరిగాను. పడవ ముందు భాగం కిందికి దిగిపోయి ఉంది, వెనక భాగం పైనే ఉంది, చుక్కాని గడప మీద చిక్కుకుంది. జారుడు బల్లలా ఉంది పడవ. లోపల పళ్లేలు, పాలగిన్నె, బియ్యం డబ్బా అన్నీ ఒక్కసారి ముందుకి దొర్లిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మీ అన్నయ్య ముందు వైపు, కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరిచి, ఏడుపు కూడా రాకుండా నా వంక చూస్తున్నాడు. వాడి బూట్లకీ నీళ్లకీ మధ్య జానెడు.

పెదనాన్న అరుస్తూనే ఉన్నారట. ఇంజన్ చప్పుడు, నీళ్ల హోరు, నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఏం చెయ్యాలో తెలుసు, తూములు దించాలి. కానీ తూము తిప్పే ఇనుప హ్యాండిల్, విండ్‌లాస్ అంటారు, నా చేతిలో లేదు. అవతలి తలుపు దూలం మీద పెట్టి వచ్చాను. అవతలి పడవాయన, డెబ్బై దాటి ఉంటాయి, తన హ్యాండిల్‌తో పరుగెత్తుకొచ్చి ఒకటి దించాడు. నేను తలుపు మీదుగా అటు దాటి రెండోది దించాను. నీళ్లు ఆగాయి. తర్వాత ఆయన పైవైపు తూము కొంచెమంటే కొంచెం ఎత్తాడు. నీళ్లు మెల్లగా నిండుతూ ఉంటే పడవ మూలిగింది, ఒక్కసారి ఊగి, గడప మీంచి లేచి సమంగా నిలబడింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం మీ అన్నయ్య బియ్యం ఏరుతూ కూర్చున్నాడు, నేలంతా. పెదనాన్నని నేను, నన్ను ఆయన చాలా ఏళ్లు నిందించుకున్నాం. ఆయన పోయాక ఇప్పుడు తప్పంతా నాదేనని ఒప్పుకుంటున్నాను, వినడానికి మనిషి లేడు.

అందుకే చెబుతున్నా. మీకు పోయేటప్పుడు లాకులు పైకి, వచ్చేటప్పుడు కిందికి. అంటే దిగే లాకులన్నీ మీరు అలిసిపోయి, పడవ అప్పగించే టైమ్ అయిపోతోందని కంగారు పడే రోజుల్లోనే వస్తాయి. తూము సగమే ఎత్తు, పడవ సరిగ్గా దిగుతోందని చూశాకే మిగతాది. చుక్కాని దగ్గర ఉన్నవాళ్లు గీత వంక చూస్తూ ఉండాలి, ఫోన్ వంక కాదు. హ్యాండిల్ చేతిలోనో నడుముకో ఉండాలి, పని అయ్యేదాకా కింద పెట్టకూడదు, తూముకి తగిలించి వదిలేయకూడదు, జారితే గిర్రున తిరిగి మొహం పగలగొడుతుంది. పైకి ఎక్కేటప్పుడు ముందు కొస తలుపు సందులో ఇరుక్కోకుండా చూడాలి, అదీ ఇంతే ప్రమాదం. వెనకాల ఎంతమంది ఆగినా ఆగనీ. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా మనకేం?

పోస్టులో చిన్న పార్సిల్ వస్తుంది. అందులో రెండు విజిళ్లున్నాయి, ఒకటి నీకు, ఒకటి అల్లుడికి. ఒక్క పొడుగు ఊత అంటే ప్రశ్నలొద్దు, తూములు దించెయ్యడమే. మొదటి లాకు దగ్గరే ఒకసారి ఊది చూసుకోండి, ఇంజన్ నడుస్తుండగా వినపడుతుందో లేదో. పిల్లలకి మాత్రం ఇవ్వకండి, వారమంతా ఊదుతారు.

రోజూ రాత్రి ఎక్కడ కట్టారో ఒక మెసేజ్ పెట్టు. రెండు ముక్కలు చాలు.

మీ పెద్దమ్మ